యాప్, అకౌంట్ గోల లేని పాతకాలపు ప్రింటర్ కావాలి, లినక్స్‌లో ఆడాలి

చిట్టిపెంగ్విన్:

అందరికీ నమస్తే. ఇంట్లో రెండు లాప్‌టాపులు, ఒకదాంట్లో డెబియన్, ఇంకోదాంట్లో మింట్. విండోస్ ఎక్కడా లేదు, మళ్లీ పెట్టే ఉద్దేశం కూడా లేదు. ఇప్పుడున్న ఇంక్‌జెట్ (కంపెనీ పేరు అనవసరం) సెటప్ చేయాలంటే ఫోన్లో యాప్ కావాలి, యాప్‌లో అకౌంట్ కావాలి, అకౌంట్‌కి ఈమెయిల్ కావాలి, ఇవన్నీ ఇచ్చుకున్నాక కూడా ఎప్పుడో ఒకసారి ప్రింట్ కొడదామని వెళ్తే ఇంకు ఎండిపోయి గీతలు గీతలుగా వస్తుంది, ఉత్త నలుపు పేజీ అడిగినా పసుపు అయిపోయిందని మొరాయిస్తుంది. విసుగొచ్చేసింది.

నాకు కావాల్సింది పెద్దగా ఏం లేదు. కేబుల్ పెట్టాలి, స్విచ్ వేయాలి, ప్రింట్ కొడితే కాగితం రావాలి. నలుపు తెలుపు చాలు, స్కానర్ వద్దు, వైఫై వద్దు, తెర కూడా అక్కర్లేదు రెండు లైట్లు ఒక బటన్ ఉంటే చాలు. సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు, 2000ల నాటిదైనా ఓకే. నేను కొట్టేవి ఎక్కువగా తెలుగు పీడీఎఫ్‌లు, పిల్లల వర్క్‌షీట్లు, అప్పుడప్పుడు ఏవో ఫారాలు.

అసలు డబ్బా మీద లినక్స్ సపోర్ట్ అని రాసుంటే దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? ఏ మోడల్స్ వెతకాలో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.

డెబియన్‌బాబాయ్:

డబ్బా మీద ఏం రాసుందో వదిలేయండి, పెంగ్విన్ బొమ్మ ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు. మోడల్ పేరు కొట్టి స్పెసిఫికేషన్ల షీటు తెరవండి, అందులో ప్రింటర్ లాంగ్వేజ్ అనో ఎమ్యులేషన్ అనో ఒక లైన్ ఉంటుంది (కంప్యూటర్ పంపే పేజీని ప్రింటర్ ఏ భాషలో అర్థం చేసుకుంటుందో అని), అదొక్కటి చదవండి చాలు. అక్కడ పీసీఎల్ 5ఈ గానీ పీసీఎల్ 6 గానీ పోస్ట్‌స్క్రిప్ట్ గానీ (బ్రదర్ వాళ్లు తమ పోస్ట్‌స్క్రిప్ట్‌ని బీఆర్-స్క్రిప్ట్ 3 అంటారు) ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. హోస్ట్ బేస్డ్ అనో జీడీఐ అనో ఉంటే మాత్రం ఆగండి.

ఎందుకంటే పీసీఎల్ వచ్చింది 1984లో, హెచ్‌పీ మొదటి లేజర్‌జెట్‌తో. పోస్ట్‌స్క్రిప్ట్ కూడా అదే ఏడాది అడోబీ తెచ్చింది, 1985లో ఆపిల్ లేజర్‌రైటర్‌లోకి ఎక్కింది. లినక్స్ పుట్టిందే 1991లో కాబట్టి ఈ రెండు భాషలూ దానికంటే పెద్దవి, ఇన్నేళ్లలో ఏ డిస్ట్రో (డెబియన్, మింట్ లాంటి లినక్స్ రకం) అయినా వీటిని మర్చిపోయిన దాఖలా లేదు. ఆ ప్రింటర్లలో పేజీని చుక్కలుగా మార్చే బుర్ర లోపలే ఉంటుంది, మనం ఇక్కడ ఈ అక్షరం పెట్టు అక్కడ ఆ గీత గియ్యి అని చెప్తే మిగతాది అదే చూసుకుంటుంది. తర్వాత్తర్వాత ధర తగ్గించాలని ఆ ప్రాసెసరూ మెమరీ కోసేసి పనంతా కంప్యూటర్లోని డ్రైవర్ మీద పడేశారు, హోస్ట్ బేస్డ్ అంటే అవే, ఆ డ్రైవరేమో కంపెనీ ఇష్టం, ఇస్తే ఇస్తుంది లేకపోతే లేదు, ఇచ్చినా పదేళ్ల తర్వాత దాన్ని పట్టించుకునేవాడు ఉండడు.

దీనికి నేనెప్పుడూ చెప్పే జంట ఒకటుంది. క్యానన్ ఎల్‌బీపీ2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. హెచ్‌పీ లేజర్‌జెట్లలో చాలావాటికి లోపలి ఇంజన్ క్యానన్‌దే, 1984 నాటి మొదటిదానికి కూడా. ఈ రెండిట్నీ మూతలు తీసి పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి, 12ఏ కార్ట్రిడ్జి రెండిట్లోనూ పడుతుంది. కానీ 1020 మాట్లాడే భాష జెడ్‌జేస్ట్రీమ్, 2900ది క్యాప్ట్. 1020కి వాలంటీర్లు కూర్చుని ఫూ2జెడ్‌జేఎస్ అనే డ్రైవర్ రాశారు, హెచ్‌పీలిప్‌లో (హెచ్‌పీ వాళ్ల లినక్స్ డ్రైవర్ల మూట) కూడా ప్లగిన్ దించుకుంటే ఆడుతుంది. 2900కి కంపెనీ ఇచ్చిన డ్రైవర్ 32 బిట్ రోజులది, ఇప్పటి 64 బిట్ సిస్టమ్‌లో పాత లైబ్రరీలు ఎక్కించి దాని వెనకాల ఒక డెమన్‌ని (తెర వెనక నడిచే ప్రోగ్రామ్) నడిపించి నానా తిప్పలు పడాలి. క్యాప్ట్‌డ్రైవర్ అని ఓపెన్ సోర్స్ ప్రయత్నం ఒకటుంది, కొంతమందికి బాగానే నడుస్తోంది కానీ కొత్తగా కొనేవాళ్లకి నేనైతే చెప్పను. అంటే లోపల ఇనుము ఒకటే అయినా భాష తేడాతో లినక్స్‌లో రెండిటి బతుకూ వేరైపోయింది.

మీ అవసరానికి వెతకాల్సినవి, నా లెక్కలో: లేజర్‌జెట్ 1200, 1300, 1320, పీ2015, పీ2055, కాస్త పెద్దవైనా చోటుంటే 2100, 4000, 4050, 4200. బ్రదర్‌లో హెచ్‌ఎల్-5250డీఎన్ లాంటివి. వీటిలో 1320 మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది, 2004 నాటిది, పీసీఎల్ 5ఈ, పీసీఎల్ 6, పోస్ట్‌స్క్రిప్ట్ ఎమ్యులేషన్ మూడూ ఉన్నాయి, రెండు వైపులా తనంతట తనే కొడుతుంది, యూఎస్‌బీ ఉంది, మీరడిగిన లైట్లూ బటన్లూ తప్ప తెర లేదు.

కొత్తదేమేలు:

అందరూ పాతవే చెప్తున్నారు కాబట్టి రెండో వైపు కూడా విని వెళ్లండి. ఇవాళ లినక్స్‌లో అన్నిటికంటే సుఖంగా ఆడేవి పాతవి కావు, కొత్తవే. ఆపిల్ 2010లో ఎయిర్‌ప్రింట్ (డ్రైవర్ లేకుండా ప్రింట్ కొట్టే పద్ధతి) తెచ్చాక కంపెనీలన్నీ చచ్చినట్టు ఒకే ప్రోటోకాల్‌కి, అంటే ఐపీపీకి (ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్) రావాల్సొచ్చింది, ఐపీపీ ఎవ్రీవేర్ కూడా అదే దారి. ఇప్పుడొచ్చే నెట్‌వర్క్ ప్రింటర్లలో ఎక్కువ భాగం డ్రైవర్ లేకుండానే కప్స్‌లో (లినక్స్‌లో ప్రింటింగ్ అంతా చూసుకునే సాఫ్ట్‌వేర్) తగులుతాయి, వైఫై వద్దనుకుంటే ఈథర్‌నెట్ కేబుల్ పెట్టుకోండి, అదీ వద్దంటే యూఎస్‌బీకే ఐపీపీ-యూఎస్‌బీ అనే చిన్న సర్వీస్ ఉంది, డెబియన్‌లో ప్యాకేజీగానే దొరుకుతుంది, ప్రింటర్ ఆ పద్ధతి ఒప్పుకునేదైతే కేబుల్ పెట్టగానే నెట్‌వర్క్ ప్రింటర్‌లాగే కనిపిస్తుంది. మోనో లేజర్ కొత్తది తీసుకుంటే ఎండిపోయే ఇంకూ ఉండదు, వారంటీ కూడా ఉంటుంది. ఇరవై ఏళ్ల నాటి యంత్రాన్ని తెచ్చుకుని దాని రోలర్లు రుద్దుకుంటూ కూర్చోవడం సరదా ఉన్నవాళ్లకి ఓకే.

చిట్టిపెంగ్విన్:

@కొత్తదేమేలు మీ మాట కాదనను, కానీ ఇప్పుడున్న నా ఇంక్‌జెట్ కూడా డబ్బా మీద ఎయిర్‌ప్రింట్ అనే రాసుంది, అయినా మొదటిసారి ఆన్ చేస్తే యాప్‌లో రిజిస్టర్ చేస్తే గానీ కదలనంది. ఆ తర్వాత లినక్స్‌లో బానే దొరికింది, అది నిజం. నా గొడవంతా ఆ మొదటి గుమ్మం దగ్గరే.

డెబియన్‌బాబాయ్:

@కొత్తదేమేలు డ్రైవర్ విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్లు కరెక్టు, ఎవరైనా కొత్తదే కొంటానంటే నేను కూడా ఈథర్‌నెట్ ఉన్న మోనో లేజర్, స్పెక్స్‌లో ఎయిర్‌ప్రింట్‌తో పాటు పీసీఎల్ 6 కూడా ఉన్నది చూసుకోమంటా. కానీ ప్రోటోకాల్ ఓపెన్ అయినంత మాత్రాన ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) మన చేతిలో ఉన్నట్టు కాదు కదా, రేపు అప్‌డేట్ వచ్చి ఫలానా టోనర్ ఒప్పుకోను అంటే ఏం చేస్తాం. 1320కి అప్‌డేట్ పంపేవాడూ లేడు, అది వినేదీ లేదు, అదే దాని గొప్ప.

ఇంకో సంగతి, పాతది తెచ్చి ఒక లాప్‌టాప్‌కి తగిలించి కప్స్‌లో షేర్ చేస్తే, రెండో లాప్‌టాప్‌కి అది డ్రైవర్ అక్కర్లేని ఐపీపీ ప్రింటర్‌లాగే కనిపిస్తుంది, అవాహీ (నెట్‌వర్క్‌లో ఉన్న ప్రింటర్లని వెతికిపెట్టే సర్వీస్) నడుస్తుంటే చాలు. ఆ పాత యంత్రానికి ఐపీపీ అంటే ఏంటో తెలియక్కర్లేదు, మధ్యలో కప్స్ అనువాదం చేసుకుంటుంది. కాబట్టి మీ ఇద్దరి కోరికా తీరుతుంది.

(ఈ ప్రింటర్ల గొడవ కొత్తదేం కాదు. 1980 ప్రాంతంలో ఎంఐటీ ఏఐ ల్యాబ్‌లో జిరాక్స్ లేజర్ ప్రింటర్ సాఫ్ట్‌వేర్ సోర్స్ ఇవ్వలేదనే కదా రిచర్డ్ స్టాల్‌మన్‌కి ఒళ్లు మండింది, 1983లో గ్నూ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మొదలెట్టడానికి అదొక కారణమని ఆయనే చెప్పుకున్నాడు.)

టోనర్‌మసి:

సెకండ్ హ్యాండ్ తీసుకునేటప్పుడు చూడాల్సినవి చెప్తా, నా పని రోజూ ఇదే.

మొదట కంప్యూటర్ ఏదీ తగిలించకుండా ప్రింటర్ చేతనే కాన్ఫిగరేషన్ పేజీ కొట్టించండి, చిన్న లేజర్‌జెట్లలో గో బటన్ నొక్కితే వస్తుంది. అందులో మీకు రెండు లైన్లు కావాలి, ఒకటి ఇప్పటిదాకా కొట్టిన పేజీలు ఎన్ని, రెండు ఏ భాషలు ఉన్నాయి. పేజీల సంఖ్య చూసి మరీ భయపడకండి, 4000 సిరీస్ లాంటి ఆఫీసు యంత్రాలకి 2 లక్షల పేజీలకోసారి మెయింటెనెన్స్ కిట్ మార్చమని కంపెనీయే చెప్పింది, అంటే అక్కడికి యంత్రం అయిపోయినట్టు కాదు, ఫ్యూజర్ (టోనర్ పొడిని వేడితో కాగితానికి అతికించే భాగం), రోలర్లు మార్చి మళ్లీ నడపమని. చిన్నవాటికి అంత ఆయుష్షు ఆశించకండి.

తర్వాత వరసగా ఓ పది కాగితాలు లాగించండి. మొదటి రెండు వచ్చి మూడోది లోపల జారుతూ చప్పుడు చేసి ఆగిపోయిందంటే అది పికప్ రోలర్, రబ్బరు గట్టిపడి నున్నగా మెరుస్తూ ఉంటుంది. తడి గుడ్డతో తుడిస్తే కొన్నాళ్లు నడుస్తుంది, అసలు వైద్యం మాత్రం కొత్త రోలర్ వేయడమే, 1320 లాంటివాటికి అది చవకగా దొరికే పార్టే, మార్చడానికి పెద్ద పనితనం అక్కర్లేదు. ఇక పేజీ మీద ఒకే మచ్చ మళ్లీ మళ్లీ సమాన దూరంలో పడుతుంటే స్కేలు పెట్టి కొలవండి. 24 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ (పేజీ బొమ్మ ఏర్పడి టోనర్ అంటుకునే గొట్టం) ఒక చుట్టు తిరిగితే సుమారు 75 మిల్లీమీటర్లు, మచ్చ అంత దూరంలో తిరిగొస్తుంటే తప్పు డ్రమ్‌ది. హెచ్‌పీ చిన్నవాటిలో డ్రమ్ కార్ట్రిడ్జిలోనే ఉంటుంది కాబట్టి కార్ట్రిడ్జి మారిస్తే డ్రమ్ కూడా మారినట్టే. బ్రదర్‌లో టోనర్ వేరు డ్రమ్ వేరు, అమ్మేవాళ్లు టోనర్ కొత్తదే సార్ అంటారు, డ్రమ్ సంగతి మీరే అడగాలి. దూరం వేరేగా ఉంటే అది ఫ్యూజరో ఇంకో రోలరో అయ్యుంటుంది, ఫ్యూజర్ అని తేలితే ఇంకోటి వెతుక్కోండి. అక్షరాల మీద వేలు పెట్టి రుద్దితే మసి అంటుకుంటున్నా అంతే, ఫ్యూజర్ సరిగా కాలట్లేదన్నమాట.

ఇంకా, లేజర్ ప్రింటర్‌ని ఇంట్లో చిన్న యూపీఎస్‌కి తగిలించకండి. ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది, యూపీఎస్ కుయ్యోమంటుంది. నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టండి.

రోజూఆర్చ్:

టోనర్‌మసి గారికి తోడుగా ఒక చిట్కా. చూడ్డానికి వెళ్లేటప్పుడు లాప్‌టాప్, యూఎస్‌బీ కేబుల్ పట్టుకెళ్లండి. తగిలించి టెర్మినల్‌లో ఎల్‌పీఇన్ఫో మైనస్ ఎల్ మైనస్ వీ కొడితే డివైస్ ఐడీ అని ఒక పొడుగు లైన్ వస్తుంది, అందులో సీఎండీ అనో కమాండ్ సెట్ అనో ఉన్న చోట ప్రింటర్ తనకొచ్చిన భాషలన్నీ తనే చెప్తుంది. అమ్మేవాళ్ల మాట, నెట్‌లో ఎవరో రాసింది, ఇవేవీ అక్కర్లేదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే డ్రైవర్ ఏమీ లేకుండా ఒక చిన్న ఇంగ్లిష్ టెక్స్ట్ ఫైల్‌ని క్యాట్‌తో నేరుగా /డెవ్/యూఎస్‌బీ/ఎల్‌పీ0 లోకి తోయండి, సూడో (అడ్మిన్ హక్కు) కావాలి. పీసీఎల్ వచ్చిన ప్రింటర్ అయితే లైట్ ఆడుతుంది కానీ కాగితం రాదు, కంగారు పడొద్దు, పేజీ అయిపోయిందని దానికి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎదురుచూస్తూ ఉంటుంది, గో బటన్ నొక్కితే బయటికి వదుల్తుంది. లైన్లు మెట్లు మెట్లుగా కుడివైపుకి జారిపోతూ వస్తాయి, అదీ మామూలే, యూనిక్స్ ఫైల్లో లైన్ చివర క్యారేజ్ రిటర్న్ ఉండదు కదా. హోస్ట్ బేస్డ్ వాటికి ఇదే పని చేస్తే ఉలుకూ పలుకూ ఉండదు.

చుక్కలముగ్గు:

పాతకాలపు ప్రింటర్ అని టైటిల్ చూసి డాట్ మ్యాట్రిక్స్ గురించేమో అని పరుగెత్తుకొచ్చా, అందరూ లేజర్లతో సరిపెట్టేశారు. ఎప్సన్ ఎల్‌ఎక్స్-310 ఇప్పటికీ నా దగ్గర బిల్లులు కొడుతోంది, యూఎస్‌బీ, పారలల్, సీరియల్ మూడూ ఉన్నాయి. లినక్స్‌లో దీనంత తేలికైంది లేదు, ఈఎస్‌సీ/పీ భాష, మామూలు టెక్స్ట్ పంపితే గరగరా కొట్టేస్తుంది, కార్బన్ పెట్టి ఒకేసారి రెండు మూడు కాపీలు తీయాలంటే ఇప్పటికీ దీనికి పోటీ లేదు, లేజరూ ఇంక్‌జెట్టూ కాగితాన్ని కొట్టవు కదా.

కానీ తెలుగు పీడీఎఫ్‌లు అన్నారు కాబట్టి వద్దనే చెప్తా. దీని లోపల ఉన్న ఫాంట్లు ఇంగ్లిష్‌వే, తెలుగు కావాలంటే పేజీ మొత్తం బొమ్మగా పంపాలి, అప్పుడు సూదులు ఒక్కో వరసా గీసుకుంటూ పోతాయి, ఒక్క పేజీకి మీరు లేచి వేరే పని చూసుకుని రావచ్చు. పైగా 9 సూదుల తలలో నిలువున అంగుళానికి 72 చుక్కలే, రెండో విడత కొట్టించి 144 చేసినా మన ఒత్తులు, గుడి దీర్ఘాలు ముద్దయిపోతాయి, క్షకీ జ్ఞకీ తేడా మీరే ఊహించుకోవాలి. 24 సూదుల ఎల్‌క్యూ సిరీస్‌లో 180 చుక్కలు వస్తాయి, చదవగలిగేలా ఉంటుంది కానీ పిల్లల వర్క్‌షీట్‌కి ఆ మోత ఎందుకు. రాత్రి పూట కొడితే ఇల్లంతా లేస్తుంది.

చిట్టిపెంగ్విన్:

చాలా చాలా థాంక్స్ అండీ అందరికీ. చుట్టుపక్కల వెతికితే ఐదు కనిపించాయి: లేజర్‌జెట్ 1020, ఎల్‌బీపీ2900, లేజర్‌జెట్ 1320, బ్రదర్ హెచ్‌ఎల్-2140, శాంసంగ్ ఎంఎల్-1610. ఇంకోటి లేజర్‌జెట్ 4 కూడా ఉంది, దానికి పారలల్ పోర్ట్ ఒక్కటే, చూడ్డానికి ట్రంకు పెట్టెంత ఉంది. స్పెక్స్ చూస్తే 1320కి, ఆ 4కి తప్ప మిగతా అన్నిటికీ హోస్ట్ బేస్డ్ అనే ఉంది. మరి అవి నలుగురూ ఔటేనా?

డెబియన్‌బాబాయ్:

ఔట్ కాదు, తేడాలున్నాయి. హోస్ట్ బేస్డ్ అయినా ఎవరో ఒకరు ఓపెన్ డ్రైవర్ రాసిపెడితే అది మళ్లీ మనుషుల్లో పడుతుంది.

హెచ్‌ఎల్-2140కి బీఆర్‌లేజర్ ఉంది, డెబియన్‌లోనే ఉంటుంది, డీసీపీ-7030, హెచ్‌ఎల్-ఎల్2300డీ ఇలాంటివాటికీ అదే డ్రైవర్. బ్రదర్ సైట్లో దొరికే సొంత డ్రైవర్ కంటే నాకు ఇదే నచ్చుతుంది, ఎందుకంటే వాళ్లది ఇంటెల్ 32 బిట్ బైనరీ, రేపు రాస్ప్‌బెర్రీ పై లాంటి ఆర్మ్ బోర్డు మీద ప్రింట్ సర్వర్ పెడదామంటే అది నడవదు, బీఆర్‌లేజర్ సోర్స్ ఉంది కాబట్టి ఎక్కడైనా నడుస్తుంది. ఎంఎల్-1610కి స్ప్లిక్స్ ఉంది, ఆడుతుంది, కాకపోతే శాంసంగ్ 2017లో ప్రింటర్ల వ్యాపారమే హెచ్‌పీకి అమ్మేసింది, ఇక కంపెనీ వైపునుంచి ఏదో వస్తుందని చూడకండి. 1020లో ఒక చిక్కుంది, దానికి ఫర్మ్‌వేర్ గుర్తుండదు, స్విచ్ తీసి వేసిన ప్రతిసారీ కంప్యూటర్ ఆ ఫైల్‌ని మళ్లీ ఎక్కించాలి. సెటప్ సరిగ్గా కుదిరితే మీకు తెలియకుండానే జరిగిపోతుంది, డిస్ట్రో అప్‌గ్రేడ్ తర్వాత ప్లగిన్ వెర్షన్ తప్పితే మాత్రం ప్రింటర్ కనిపిస్తూనే ఉంటుంది, కాగితం రాదు. 2900 గురించి పైనే చెప్పా.

లేజర్‌జెట్ 4 అంటే 1992 మోడల్, 600 డీపీఐ, యంత్రంగా ముచ్చటైందే. యూఎస్‌బీ నుంచి పారలల్‌కి మార్చే కేబుల్ వేస్తే లినక్స్ దాన్ని మామూలు యూఎస్‌బీ ప్రింటర్‌లాగే చూస్తుంది, కొట్టడం వరకు బానే ఉంటుంది, కాగితం అయిపోయింది లాంటి కబుర్లు వెనక్కి రావడం మాత్రం చాలా కేబుళ్లలో కుదరదు. నెలకి పది కాగితాలకి ఆ బరువు మోయడం ఎందుకులెండి.

వరస అడిగితే 1320, తర్వాత 2140, తర్వాత 1610. ఇంకేదైనా మోడల్ కనిపిస్తే ఓపెన్‌ప్రింటింగ్ డేటాబేస్‌లో వెతకండి, బాగా ఆడేవాటి దగ్గర్నుంచి అసలు పనికిరానివాటి దాకా గ్రేడులిచ్చారు, ఆఖరి గ్రేడు పేరు పేపర్‌వెయిట్, అంతకంటే వివరంగా చెప్పక్కర్లేదనుకుంటా.

టోనర్‌మసి:

1320 దొరికితే కార్ట్రిడ్జి 49ఏ లేదా 49ఎక్స్, ఎక్స్ పెద్దది. రీఫిల్ చేసింది తీసుకునేటప్పుడు ఊపి చూడండి, పక్కల నుంచి పొడి రాలుతుంటే వద్దు. పొడి బట్టల మీద పడితే చన్నీళ్లే వాడండి, వేడినీళ్లు పోస్తే అక్కడే అతుక్కుపోతుంది.

చిట్టిపెంగ్విన్:

తెచ్చేశా! పైన చెప్పిన పీసీఎల్, పోస్ట్‌స్క్రిప్ట్ ఉన్నవాటిలో ఒకటి. రోజూఆర్చ్ గారు చెప్పినట్టే మెట్లు మెట్లుగా వచ్చిన పేజీ చూసి అమ్మినాయన పాడైందేమో అని కంగారుపడితే నేను నవ్వుకున్నా. ఇంటికొచ్చి తగిలిస్తే కప్స్ దానంతటదే పట్టుకుంది, పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్ పెట్టింది. వర్క్‌షీట్లు చక్కగా వస్తున్నాయి.

రెండు డౌట్లు. ఒకటి, కొన్ని తెలుగు పీడీఎఫ్‌లు పంపితే లైట్ చాలాసేపు మిణుకుమని ఆరిపోతుంది, కాగితం రాదు, ఇంకొన్నిసార్లు ఒక పేజీ మీద ఏదో ఎర్రర్ ముక్క మాత్రం వస్తుంది. ఇంగ్లిష్ పీడీఎఫ్‌లకి ఏ గొడవా లేదు. రెండోది, టెర్మినల్‌లో ఎల్‌పీఅడ్మిన్ (ప్రింటర్ సెట్ చేసే కమాండ్) వాడినప్పుడల్లా ప్రింటర్ డ్రైవర్లకి కాలం చెల్లింది, రాబోయే కప్స్ వెర్షన్‌లో పనిచేయవు అని బెదిరిస్తోంది. ఇంత కష్టపడి తెచ్చుకుంది రెండేళ్లకే మూలన పడుతుందా?

రోజూఆర్చ్:

మొదటిది ప్రింటర్ తప్పు కాదు, తెలుగు తప్పు అంతకంటే కాదు. పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్ పెట్టినప్పుడు పీడీఎఫ్‌లోని ఫాంట్లన్నీ మార్చి ప్రింటర్‌కి పంపుతుంది, వాటిని విప్పుకుని గీయాల్సింది ఆ పాత బుర్రే, ఉన్నదేమో కొద్ది మెగాబైట్ల మెమరీ. ఇంగ్లిష్‌లో అక్షరాలు తక్కువ, వాటిలో చాలా ఫాంట్లు దాని లోపలే ఉంటాయి. తెలుగు ఫాంట్‌లో గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాలు కలిపి వందల ఆకారాలు, అందులో మీ పీడీఎఫ్ వాడుకున్నవన్నీ మూటగట్టి పంపితే అది మధ్యలో చేతులెత్తేస్తుంది. దీనికి తేలికైన దారి డ్రైవర్ మార్చడం. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:631 (కప్స్ సెట్టింగుల పేజీ) తెరిచి మోడిఫై ప్రింటర్‌లోకి వెళ్లి అదే మోడల్‌కి పీసీఎల్ డ్రైవర్ ఎంచుకోండి, పీఎక్స్‌ఎల్‌మోనో గానీ ఎల్‌జెట్4 గానీ, హెచ్‌పీ అయితే హెచ్‌పీసీయూపీఎస్ అయినా సరే. ఎల్‌జెట్4 అయితే గోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్ మీ లాప్‌టాప్‌లోనే పేజీ మొత్తాన్ని చుక్కలుగా మార్చి పంపుతుంది, ప్రింటర్‌కి అది తెలుగో గ్రీకో కూడా తెలియదు. 600 డీపీఐలో ఏ4 పేజీ అంటే అడ్డం 4960, నిలువు 7016 చుక్కలు, కుదించకపోతే 4 ఎంబీ పైచిలుకు, కుదించి పంపుతారు కాబట్టి మామూలుగా ఇబ్బంది రాదు, ఫొటోలు నిండిన పేజీకి మెమరీ చాలలేదంటే ఆ ఒక్కదానికి 300 డీపీఐకి దించండి. రెండు క్యూలు పెట్టుకోవచ్చు కూడా, ఒకే ప్రింటర్‌కి ఒకటి పీఎస్ పేరుతో ఒకటి పీసీఎల్ పేరుతో, నేను అలాగే పెట్టుకున్నా.

రెండోది, బెదిరింపు నిజమే కానీ మీకు కాదు. కప్స్ 3లో పీపీడీ (ప్రింటర్ వివరాల ఫైల్) మీద నడిచే పాత డ్రైవర్లు తీసేసి అంతా ఐపీపీ మీదే నడపాలని ప్లాన్. పాత డ్రైవర్లని ప్రింటర్ అప్లికేషన్ అనే పొట్లంలో పెడుతున్నారు, అది పాత యంత్రం ముందు నిలబడి కప్స్‌కి నేను ఐపీపీ ప్రింటర్‌ని అని చెప్తుంది, వెనక్కి తిరిగి పీసీఎల్‌లో మాట్లాడుతుంది. పోస్ట్‌స్క్రిప్ట్‌కి ఒకటి, గూటెన్‌ప్రింట్‌కి ఒకటి, హెచ్‌పీలిప్‌కి ఒకటి ఓపెన్‌ప్రింటింగ్ వాళ్లు ఇప్పటికే తయారుచేశారు, మిగతా పాత డ్రైవర్ల కోసం లెగసీ ప్రింటర్ యాప్ అని ఇంకోటుంది. ఇబ్బంది పడేది ఆ 32 బిట్ బైనరీ డ్రైవర్లున్న వాళ్లు.

చిట్టిపెంగ్విన్:

ఎల్‌జెట్4 పెట్టగానే నిన్న రానివన్నీ వచ్చాయి! అక్షరాలు కూడా పోస్ట్‌స్క్రిప్ట్‌లో వచ్చినట్టే ఉన్నాయి, భూతద్దం పెడితే తప్ప తేడా తెలీట్లేదు. ఇంకొక్కటి అడిగి వదిలేస్తా. వాడనప్పుడు స్విచ్ తీసేస్తున్నా, ఎవరైనా చూసుకోకుండా అప్పుడు ప్రింట్ కొడితే, తర్వాత స్విచ్ వేసినా క్యూ పాజ్డ్ అని ఉండిపోతోంది, ప్రతిసారీ నేనే వెళ్లి రెజ్యూమ్ నొక్కాల్సొస్తోంది.

డెబియన్‌బాబాయ్:

అది ఎర్రర్ పాలసీ. ఆ క్యూకి స్టాప్-ప్రింటర్ అని ఉండుంటుంది, అంటే ఒక్కసారి ప్రింటర్ దొరక్కపోతే క్యూ మొత్తం ఆపేయమని. అదే 631 పేజీలో సెట్ డీఫాల్ట్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాలసీస్ అన్న చోట దాన్ని రీట్రై-కరెంట్-జాబ్‌కి మార్చండి, స్విచ్ వేసే దాకా మధ్యమధ్యలో తలుపు తడుతూ ఉంటుంది, వేయగానే కొట్టేస్తుంది. రెండు క్యూలు పెట్టుకుని ఉంటే రెండిటికీ విడివిడిగా మార్చాలి. షేర్ చేసిన లాప్‌టాప్‌లో మార్చితే చాలు, రెండోదాంట్లో ముట్టుకోనక్కర్లేదు. మార్చే ముందు మాత్రం పాత జాబ్‌ల లిస్టు ఒకసారి చూసి అక్కర్లేనివి క్యాన్సిల్ చేయండి, రాలేదని పిల్లలు ఒకే పేజీని ఎన్నిసార్లు నొక్కి ఉంటారో, అన్నీ వరసగా వచ్చేస్తాయి.